పదబంధం – బూటు లేసు కథ

‘పదబంధం’ అనగానే మనకు వ్యాకరణం గుర్తుకు వస్తుంది. పదమంటే మాట, మాటల కూర్పు పదబంధం. అయితే పదానికి పాదమనే అర్థం కూడా ఉన్నది కదా! ఆ అర్థంలో పదబంధమంటే కాలికి కట్టే కట్టు. మనం నిత్యం ‘లేసు’ అని పిలుచుకునే వస్తువుకు ఇంతకన్న తగిన పేరు నాకు తోచలేదు. పేరు సంగతి చివర మళ్ళీ విచారిద్దాం. ముందు వస్తువు సంగతి.

మూరెడు మొదలు బారెడు వరకు ఉండే ఈ తాటికి చరిత్ర ఏముంటుందని చదువరులు అడుగవచ్చు. నేనూ అలాగే అనుకొని మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. మనిషి తన జోడును కట్టుకునే తీరు మారినప్పుడల్లా కొందరి జీవనం ఆ ముడిలో చిక్కుకున్నది, కొందరి జీవనం ఊడిపోయింది. మర్యాద, అధికారం, కూలి, పసిపిల్లల చదువు – ఇన్నీ ఈ తాటి చుట్టూ తిరిగాయి. ఆ కథనే యథాశక్తి చెప్పదలచాను.

మొదట మన ఇంటి మాట. సంస్కృతంలో చెప్పుకు ఉన్న ప్రాచీన నామాలలో ‘ఉపానహ్’ ఒకటి. ప్రథమైకవచనంలో అది ‘ఉపానత్’ అవుతుంది. ‘ఉప’ అనే ఉపసర్గకు, కట్టుట అనే అర్థం గల ‘ణహ’ ధాతువు చేరగా పుట్టిన మాట ఇది. సన్నాహం, సన్నద్ధుడు అన్న మాటలలో ఉన్నదీ ఆ ధాతువే. కవచం బిగించి కట్టుకున్నవాడు సన్నద్ధుడు, కాలికి బిగించి కట్టుకున్నది ఉపానత్తు. ఆ పేరు పెట్టినవారు చెప్పులో తోలును చూడలేదు, అడుగును చూడలేదు, కట్టును చూశారు. శతపథ బ్రాహ్మణంలో రాజసూయ సందర్భంలో పందితోలుతో చేసిన ఉపానహాల ప్రస్తావన ఉన్నది. పాణిని ఇంకొక అడుగు ముందుకు వేశాడు. పాదం పొడవునా సరిపోయే జోడుకు ‘అనుపదీన’ అని పేరు. అష్టాధ్యాయి ఐదవ అధ్యాయం రెండవ పాదంలో ఆ రూపాన్ని సాధించే తొమ్మిదవ సూత్రంలో, ఆ ప్రత్యయానికి ‘కట్టబడినది’ అన్న అర్థాన్నే నిర్దేశించాడు. అమరసింహుడు కూడా పాదుకా పర్యాయాల పక్కనే అనుపదీనను చేర్చాడు. పాఠశాలలో అమరం వల్లె వేసిన రోజులలో ఈ మాటను ఎన్నిసార్లు పలికి ఉంటానో లెక్కలేదు. దానిలో ఒక తాడు ఉన్నదని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

చెప్పును మొదట ఎవరు చేశారన్న ప్రశ్నకు మహాభారతంలో ఒక ముచ్చటైన సమాధానం ఉన్నది. అనుశాసనిక పర్వంలో జమదగ్ని బాణాలు వేస్తుంటే రేణుక వాటిని ఏరి తెస్తూ ఉంటుంది. మండుటెండలో కాళ్ళు కాలి ఆమె చెట్టు నీడన నిలబడి ఆలస్యం చేస్తుంది. ముని కోపం సూర్యుని మీదకు మళ్ళుతుంది. సూర్యుడు దిగివచ్చి గొడుగును, పాదరక్షలను సమర్పించి శాంతింపజేస్తాడు. ఈనాటి జాలంలో కూడా ఇటువంటి పురాణమొకటి ప్రచారంలో ఉన్నది. 1790 మార్చి 27న హార్వే కెనెడీ అనే ఆంగ్లేయుడు బూటు లేసును కనిపెట్టాడని అనేక పుటలలో ఒకదాని నుండి మరొకటి ఎత్తివ్రాసుకున్నారు. సూర్యుని కథ కథగానే చెప్పబడింది. రెండవది చరిత్ర వేషం వేసుకొని తిరుగుతున్నది. దానిని కొట్టివేయడానికి ఒక పాత జోడు చాలు.

ఆ జోడు 2008లో ఆర్మేనియా దేశంలో, వాయోత్స్ జోర్ ప్రాంతంలోని అరేని అనే ఊరి దగ్గర గుహలో దొరికింది. రాన్ పిన్హాసీ నాయకత్వంలోని పరిశోధకులు 2010లో దాని వివరాలు ప్రకటించారు. దాని వయస్సు సుమారు 5,500 సంవత్సరాలు. ఇప్పటికి తెలిసిన తోలు జోళ్ళలో అదే ప్రాచీనతమం. ఒకే ఆవుతోలు ముక్కను పాదం ఆకారానికి మలచి, ముందూ వెనుకా అంచులకు గాట్లు పెట్టి, ఆ గాట్ల గుండా తోలుతాడు దూర్చి బిగించారు. పొడవు 24.5 సెంటీమీటర్లు, కుడికాలిది. లోపల గడ్డి కూరి ఉన్నది. గుహలోని చల్లని పొడిగాలి, పైన కప్పుకున్న గొర్రె పెంటికల పొర కలిసి దానిని చెడకుండా కాపాడాయి. ఆ జోడు చిత్రాన్ని చూసినవారు ముందుగా గమనించేది తాటినే. గాటు నుండి గాటుకు దూరి వెళ్ళే ఆ తోలుతాడు మన పిల్లల బూట్ల మీది తాటికి తాతముత్తాత అని చెప్పకనే తెలుస్తుంది.

దానికన్న కొద్ది వందల ఏళ్ళు తరువాతి వాడు ఓట్జీ. 1991లో ఆల్ప్స్ పర్వతాలలో, ఆస్ట్రియా ఇటలీ సరిహద్దున, మంచులో దొరికిన ఆదిమానవుని శవానికి పరిశోధకులు పెట్టుకున్న పేరది. అతని జోళ్ళకు అడుగున ఎలుగుబంటి తోలు, లోపల నారతాళ్ళతో అల్లిన వల, ఆ వలలో వెచ్చదనం కోసం కూరిన ఎండుగడ్డి. ఆ నార లిండెన్ అనే చెట్టు బెరడు నుండి తీసినది. అంటే ఆనాటికే ఒకచోట తోలుతాడు, ఇంకొకచోట చెట్టునార వాడుకలో ఉన్నాయి. చేతికి ఏది అందితే దానినే పేని కట్టుకున్నారు. అరేని గుహవాసి ఎవరికి గురుదక్షిణ ఇచ్చి ఈ విద్య నేర్చాడో చెప్పగలిగేవారు లేరు. లేసుకు కర్త లేడు.

ఇంగ్లీషులోని ‘లేస్’ అన్న మాటకు మూలం లాటిన్‌లోని ‘లాక్వెయుస్’. ఉచ్చు, పాశం అని దానికి అర్థం. పశువుల మెడకు విసిరే ‘లాసో’ కూడా ఆ కుదురుదే. రోమను సైనికులు మేకులు కొట్టిన తోలు చెప్పులను వార్లతో చీలమండ పైదాకా చుట్టి కట్టుకునేవారు. మధ్యయుగపు ఐరోపాలో జోడు పక్కన గాని, ముందు గాని కన్నాలు పొడిచి తాడు బిగించేవారు. ఆ కాలంలోనే జోళ్ళకు తప్ప వేరే చోట కూడా ఈ తాళ్ళకు మంచి గిరాకీ ఏర్పడింది. పురుషులు తొడుక్కునే మేజోళ్ళను నడుము దగ్గరి చొక్కాకు తాళ్ళతో కట్టుకోవడం అప్పటి వేషం. ఒక్కొక్కరి ఒంటి మీద అటువంటి ముడులు అనేకం. తాడు కొస చీలిపోతే కన్నంలో దూరదు కనుక కొసకు ఇత్తడి రేకు చుట్టేవారు. మనవాళ్ళు రోకలికి పొన్ను వేసినట్లన్న మాట. ఈ పొన్నును ఇంగ్లీషులో ‘ఆగ్లెట్’ అంటారు. ఫ్రెంచి భాషలో సూది అనే అర్థం గల మాట నుండి అది వచ్చింది. సూది లాగా దూరుతుంది గనుక ఆ పేరు చక్కగా అమరింది.

పదిహేడవ శతాబ్దిలో తాటికి గడ్డుకాలం వచ్చింది. లండను నగరంలో దినచర్య వ్రాసుకుంటూ వచ్చిన శామ్యూల్ పీప్స్, 1660 జనవరిలో తాను జోళ్ళకు బకిళ్ళు పెట్టుకోవడం ఆరంభించానని నమోదు చేశాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా బకిలుదే రాజ్యం. కలవారికి వెండి, రాళ్ళు పొదిగినవి, లేనివారికి ఇత్తడి, ఉక్కు. బర్మింగ్‌హామ్, వాల్సాల్, ఉల్వర్‌హాంప్టన్ పట్టణాలలో వేలాది కుటుంబాలు బకిళ్ళు చేసి బ్రతికాయి. పద్దెనిమిదో శతాబ్ది చివర వేషం మళ్ళీ మారింది. తాడు తిరిగి వచ్చింది. 1791లో బకిలు పనివారు వేల్సు యువరాజును ఆశ్రయించారు. జోళ్ళకు తాళ్ళు కట్టే కొత్త మోజు వలన 20,000 మందికి పైగా దుర్దశలో పడ్డారని తమ వినతిపత్రంలో మొరపెట్టుకున్నారు. యువరాజు జాలిపడి, తానూ తన పరివారమూ బకిళ్ళే ధరించేటట్లు ఏర్పాటు చేశాడు. అయినా ఫలితం లేకపోయింది. రాజకుమారుని పాదాలు కూడా ప్రవాహానికి అడ్డు నిలువలేకపోయాయి. ఆ ఇళ్ళలో పొయ్యి ఆరిపోవడానికి కారణం యుద్ధం కాదు, క్షామం కాదు, మూరెడు తాడు.

అదే సమయంలో ఫ్రాన్సులో ఈ తాడు రాజకీయమైంది. 1792లో ఆంతరంగిక మంత్రిగా నియమితుడైన రొలాఁ, రాజు పదహారవ లూయీ సముఖానికి బకిళ్ళు లేకుండా, తాళ్ళు కట్టిన జోళ్ళతో వెళ్ళాడు. కొలువు మర్యాదలు చూసే అధికారి అది గమనించి నిర్ఘాంతపోయాడని, పక్కనే ఉన్న మరొక మంత్రి ద్యూమూరియే అయితే ఇక సర్వం నాశనమైనట్లే అని వెక్కిరించాడని చరిత్రకారులు వ్రాశారు. వెక్కిరింతగా అన్నది ఆ సంవత్సరం ఆగస్టులోనే నిజమైంది. రాచరికం కూలింది. బకిలు ప్రభువుల గుర్తు, తాడు సామాన్యుని గుర్తు అన్న భావం ఆనాటి వారికి ఎంత లోతుగా ఉండేదో ఈ చిన్న ఉదంతం చెబుతుంది.

అక్కడ సామాన్యుని గుర్తయిన తాడు అరవై ఏళ్ళు తిరిగేసరికి మన దేశంలో దొరల గుర్తయింది. పెద్దల ఎదుట చెప్పులు విడవడం మన ఆచారం. కంపెనీ దొరలు ఆ ఆచారాన్ని తమకు అనుకూలంగా వాడుకున్నారు. తమ కచేరీలకు, దర్బారులకు వచ్చిన దేశీయులు వాకిట్లోనే పాదరక్షలు వదలాలన్నారు. ఇంగ్లీషు చదువులు చదివి బూట్లు, మేజోళ్ళు తొడుగుకునే కొత్త తరం వచ్చేసరికి చిక్కు వచ్చింది. 1854లో గవర్నరు జనరలు డల్హౌసీ కాలంలో వెలువడిన ఉత్తర్వు, ఐరోపా తరహా బూట్లు ధరించిన దేశీయులు వాటితోనే అధికారుల ఎదుటికి రావచ్చునని అనుమతించింది. దేశవాళీ చెప్పులు, ముచ్చెలు వేసుకున్నవారు మాత్రం ఎప్పటివలె విడువవలసిందే. ఎంత విచిత్రమో చూడండి! ఒకే గడప, ఒకే మనిషి. కాలికి ఉన్నది బూటయితే లోపలికి, చెప్పయితే బయటికి. విప్పడానికి సులువైన పాదరక్ష వేసుకున్నవానికి ఆ సులువే అవమానమైంది.

ఇందులో దొరలనే తప్పుపట్టి ఊరుకుంటే న్యాయం కాదు. మన పల్లెలలో పెద్దకులాల వీధిలో నడిచేటప్పుడు చెప్పులు చేత పట్టుకొని పోవలసిన దుర్గతి కొన్ని కులాలవారికి మొన్నమొన్నటి దాకా ఉన్నది. కొన్నిచోట్ల ఇంకా పూర్తిగా పోలేదు. ఇంకా బాధాకరమైన విషయం, ఆ చెప్పులు కుట్టినది కూడా వారే. తోలు ఊనడం, వార్లు కోయడం, ఆరెతో కన్నం పొడవడం, బొటనవ్రేలికి ఉంగటం కుదర్చడం – ఇంత విద్య ఎరిగిన మాదిగ పనివాణ్ణి ఊరికి వెలుపల ఉంచి, ఆయన చేతిపనిని మాత్రం కాలికి తొడుక్కున్నాము. ఉపానత్తుకు వ్యుత్పత్తి చెప్పిన పండితులు ఎందరో ఉన్నారు. దానిని నిజంగా కట్టిన చేతుల పేర్లు ఒక్కటీ మన గ్రంథాలలో లేవు. ఈ మాట వ్రాస్తున్నప్పుడు నేను చదివిన చదువు నాకు కొంచెం బరువుగానే తోచింది.

ఇక తయారీ సంగతి. నేతకు, అల్లికకు భేదమున్నది. నేతలో పడుగు నిలిచి ఉంటుంది, పేక అడ్డంగా పోతుంది. అల్లికలో అటువంటి భేదం లేదు. జడలోని పాయల వలె అన్ని నూళ్ళూ ఏటవాలుగా సాగి ఒకదాని మీదుగా, మరొకదాని కిందుగా పోతాయి. అందువలన అల్లిన తాడు లాగితే కొంత సాగుతుంది, వంచితే వంగుతుంది, ముడి పడుతుంది. పూర్వం దీనిని చేతితోనే అల్లేవారు. 1748లో మాంచెస్టరుకు చెందిన టామస్ వాల్ఫర్డ్ అనే ఆయన అల్లిక యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆ యంత్రం జర్మనీలోని బార్మెన్ పట్టణంలో వేళ్ళూనింది.

ఈ యంత్రం పనిచేసే తీరు మన తెలుగువారికి బోధపరచడం చాలా సులభం. జడకోలాటం చూడనివారు మనలో ఎవరు? పైన ఒకచోట కట్టిన రంగురంగుల తాళ్ళ కొసలను ఒక్కొక్కరు పట్టుకుంటారు. సగం మంది కుడికి, సగం మంది ఎడమకు బయలుదేరుతారు. ఎదురువచ్చిన మొదటివానికి లోపలి నుండి, రెండవవానికి వెలుపలి నుండి తప్పుకుంటూ పోతారు. పాట సాగేకొద్దీ పైన జడ దిగుతుంది. అల్లిక యంత్రం చేసేది అచ్చంగా ఈ కోలాటమే. ఆటగాళ్ళకు బదులు నూలు కండెలు. అడుగున పళ్ళెం మీద పాము మెలికల వంటి రెండు బాటలు ఒకదానినొకటి కోసుకుంటూ ఉంటాయి. గాట్లున్న పళ్ళచక్రాలు కండెలను ఒకదాని చేతి నుండి మరొకదాని చేతికి అందిస్తూ ఆ బాటలలో త్రిప్పుతాయి. సగం కండెలు సవ్యం, సగం అపసవ్యం. మధ్యలో పైకి తాడు పుడుతూ ఉంటుంది. బాట పూర్తి వలయమైతే గొట్టం వంటి గుండ్రని తాడు వస్తుంది. లోపల నూలుపోగుల గుజ్జు పెడితే అది నిండుగా నిలుస్తుంది. బాటకు ఒకచోట తెంపు ఉండి, కండెలు అక్కడి నుండి వెనుదిరిగితే బల్లపరుపు లేసు వస్తుంది. కండెల సంఖ్య పెరిగితే అల్లిక సన్నబడుతుంది. కోలాటంలో జడను విప్పడానికి వెనుకకు ఆడతారు. యంత్రానికి ఆ ముచ్చట లేదు, అల్లడమే తెలుసు.

బార్మెన్ కథ చెప్పక తప్పదు. అది వూపర్ నది ఒడ్డున ఉన్న పట్టణం. ఆ నీటిలో సున్నం పాలు తక్కువ, కనుక నూలు చలువకు శ్రేష్ఠం. 1527లోనే బార్మెన్, దాని పొరుగున ఉన్న ఎల్బర్‌ఫెల్ట్ పట్టణాలకు నూలు చలువ చేసే ప్రత్యేక హక్కును అక్కడి ప్రభువు ఇచ్చాడు. చలువ నుండి రిబ్బన్లు, నాడాలు, అల్లిక తాళ్ళ వైపు ఆ ఊరు నడిచింది. ‘బార్మెన్ సరుకు’ అన్న పేరు ఇటువంటి వస్తువులకు సామాన్యనామమైంది, బూటు లేసు అందులో ఒకటి. ఈ రెండు ఊళ్ళూ 1929లో కలిసిపోయి, 1930లో వూపర్‌టాల్ అన్న పేరు పొందాయి.

ఆ బార్మెన్‌లో నూలు చలువ, అల్లిక వ్యాపారాలతో పైకి వచ్చిన కుటుంబాలలో ఎంగెల్స్ వారిది ఒకటి. 1820 నవంబరు 28న ఆ ఇంట పుట్టిన ఫ్రెడరిక్ ఎంగెల్స్ పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆయన పద్దెనిమిదేళ్ళ వయస్సులో, 1839లో, ఒక పత్రికకు తన ఊరి గురించి లేఖలు వ్రాశాడు. అద్దకపు పనివలన ఎర్రబారి పారే నదిని వర్ణించాడు. ఎల్బర్‌ఫెల్ట్‌లో బడి ఈడు పిల్లలు 2,500 మంది ఉంటే వారిలో 1,200 మంది చదువుకు దూరమై మిల్లులలో పెరుగుతున్నారని వ్రాశాడు. అదే సంవత్సరం మార్చి 9న ప్రష్యా ప్రభుత్వం తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను ఫ్యాక్టరీ పనికి పెట్టరాదని శాసించింది. తొమ్మిదేళ్ళు! అంటే పదేళ్ళవాణ్ణి పెట్టవచ్చునన్న మాట. ఆయన తరువాతి సిద్ధాంతాలతో ఏకీభవించేవారు ఉంటారు, విభేదించేవారు ఉంటారు. నేను ఆ చర్చలోకి పోను. ముప్పయ్యేళ్ళకు పైగా హాజరుపట్టీలో పేర్లు పిలిచినవాడిగా నాకు ఆ 1,200 అన్న అంకె దగ్గర కన్ను ఆగిపోయింది. పిలిస్తే పలుకని పేర్లవి.

అల్లిన తాడు మైళ్ళకొద్దీ చుట్టలుగా వస్తుంది. దానిని లేసుగా మార్చేది పొన్ను వేసే పని. ఒకప్పుడు ఇత్తడి లేదా తగరపు పూత వేసిన రేకును చేతితో నొక్కేవారు. ఇప్పుడు ఎక్కువగా సెల్యులోజ్ ఎసిటేట్ అనే పలుచని పారదర్శకపు పట్టీ వాడతారు. తాటిని కొలత ప్రకారం లాగి, ఆ చోట పట్టీని ఎసిటోన్ ద్రవంతో మెత్తబరచి, గట్టిగా చుట్టి, అచ్చులో నొక్కుతారు. ద్రవం ఆవిరైపోగానే పట్టీ తాటితో ఏకమై గట్టిపడుతుంది. ఆ చుట్టకు సరిగ్గా నడుమ కోస్తే ఒక లేసుకు కడకొస, రాబోయే లేసుకు మొదటి కొస ఒక్కవేటుతో సిద్ధం. బూటు వైపు కూడా మార్పు వచ్చింది. తోలుకు వట్టి కన్నం పెడితే తాడు రాపిడికి చిరుగుతుంది. 1820లలో ఇంగ్లండులో లోహపు కన్నులు వాడుకలోకి వచ్చాయి. వాటితో తోలు చిరగకుండా తాటిని బిగించి లాగే వీలు కలిగింది.

పదార్థం కూడా మారుతూ వచ్చింది. తోలు, నార, అవిసెనూలు, పట్టు, ఉన్ని అన్నీ ఒక్కొక్క కాలంలో వాడినవే. మిల్లు నూలు చౌక అయిన తరువాత పత్తిదే పైచేయి అయింది. 1935లో అమెరికాలో కెరోథర్స్ ప్రయోగశాలలో నైలాను పుట్టింది. 1941లో మాంచెస్టరు కేంద్రంగా ఉన్న కాలికో ప్రింటర్స్ సంఘంలో పనిచేసే విన్‌ఫీల్డ్, డిక్సన్ అనేవారు పాలియెస్టరు దారాన్ని సాధించారు. వాల్ఫర్డ్ యంత్రపు ఊరికే ఈ ఘనత కూడా దక్కింది. కృత్రిమ దారం తెగదు, తడికి చివకదు. కాని నునుపు ఎక్కువ కనుక ముడి జారుతుంది. పత్తి త్వరగా అరిగినా గరుకుగా ఉండి ముడిని పట్టుకుంటుంది. మైనం పూసిన పత్తి తాడు తోలుబూట్లకు ఇప్పటికీ వాడతారు. అగ్నిమాపకుల బూట్లకు వేడికి చలించని అరామిడ్ దారపు లేసులు వస్తున్నాయి.

మన పిల్లల కాళ్ళకు లేసు సోకినది ప్రధానంగా బడి ద్వారానే. 1934లో కలకత్తా సమీపాన బాటానగర్ వెలసిన తరువాత గుడ్డబూట్లు మధ్యతరగతి ఇళ్ళకు అందుబాటులోకి వచ్చాయి. నేను పనిచేసిన పాఠశాలలలో సగం మంది ఉత్తకాళ్ళతోనే వచ్చేవారు. డ్రిల్లు ఉన్న రోజున తెల్ల గుడ్డబూట్లు తప్పనిసరి. అన్న వేసుకొని వదిలినవి తమ్మునికి. పొన్ను ఊడిన లేసు కొసను కొవ్వొత్తి మైనంలో ముంచి మొన చేసుకునే పిల్లలను చూశాను. ఉన్న ఒక్క లేసును రెండు ముక్కలు కోసి రెండు బూట్లకూ పై రెండు కన్నాలలో మాత్రం కట్టుకున్న వాణ్ణీ చూశాను. వాడు పరుగులో ముందుండేవాడు. రెండు పక్కలా తాళ్ళు ఊగుతూ, బూటు ఒకచోట, మడమ ఒకచోట. గెలిచి వచ్చి ముందుగా చేసిన పని వంగి ముడి బిగించుకోవడం. ఇప్పుడు పట్టీ అంటించుకునే బూట్లు, ఊరికే కాలు దూర్చే బూట్లు ఎక్కువైనాయి. ముడి వేయడం రాకుండానే ఐదవ తరగతి దాటిన పిల్లలు ఉన్నారని ఉపాధ్యాయ మిత్రులు చెబుతున్నారు. దీనికి నేను నిట్టూర్చను. ఉత్తకాళ్ళ కన్న ఏ బూటయినా మేలే.

ముడి దానంతట అది ఎందుకు ఊడుతుందన్న ప్రశ్నకు 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ఆలివర్ ఓరైలీ బృందం సమాధానం చెప్పింది. అడుగు నేలను తాకినప్పుడు కలిగే తాకిడి భూమ్యాకర్షణకు సుమారు 7 రెట్లు. ఆ దెబ్బకు ముడి కొద్దిగా సడలుతుంది. కాలు ఊగినప్పుడు వదులుగా ఉన్న కొసలు కొరడాల వలె కొట్టుకొని బయటికి లాగుతాయి. ఈ రెండూ కలిస్తే కొంతసేపు ఏమీ కానట్లే ఉండి, ఉన్నట్టుండి రెండు మూడు అడుగులలో ముడి విడిపోతుంది. 2002లో బుర్కార్డ్ పోల్స్టర్ అనే గణితజ్ఞుడు కన్నాలలో లేసు దూర్చే పద్ధతులను లెక్కగట్టి చూశాడు. బిగువులో అగ్రస్థానం మన వాడుకలో ఉన్న అడ్డబద్దల పద్ధతికి, తిన్నని గీతల పద్ధతికి దక్కింది. లెక్క తెలియని కోట్ల చేతులు లెక్కకు సరిపోయిన దానినే ఏరుకున్నాయన్న మాట.

ఒక ఉపయోగకరమైన సూచన. మొదటి ముడిలో కుడి కొసను ఎడమ మీదుగా వేస్తే, రెండవ ముడిలో ఎడమ దానిని కుడి మీదుగా వేయాలి. అప్పుడు ముడిచెవులు బూటుకు అడ్డంగా, తిన్నగా కూర్చుంటాయి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే చెవులు బూటు పొడవునా తిరిగి నిలుస్తాయి, త్వరగా ఊడుతాయి. ఇప్పుడే మీ బూటు చూసుకోవచ్చును.

ఇక పేరు. ‘లేసు’ తెలుగైపోయింది. దానిని తరిమివేయాలన్న పట్టుదల నాకు లేదు. ‘బూటుతాడు’ అన్నా అందరికీ తెలుస్తుంది. అయినా మిత్రులకు కొత్త మాటల మీద మక్కువ ఎక్కువ గనుక ‘పదబంధం’ అన్న మాటను మీ ముందు పెడుతున్నాను. వ్యాకరణంతో తికమక వస్తుందని ఆక్షేపించవచ్చు. కాలికి చుట్టుకున్న పదబంధాన్ని, నాలుకకు చుట్టుకున్న పదబంధాన్ని వేరుచేసి గుర్తించలేనంత అమాయకులు తెలుగువారిలో లేరని నా నమ్మకం. మీ మీ ప్రాంతాలలో చెప్పుల వారుకు, జోడు తాటికి, దాని కొసన ఉండే పొన్నుకు చెప్పులు కుట్టే పెద్దలు వాడే అసలు మాటలు ఏవైనా ఉంటే తెలియజేయగలరు. నిఘంటువులు ఎక్కని మాటలు అక్కడే మిగిలి ఉంటాయి. నా ‘పదబంధం’ కన్న అవి మేలైనవని తేలితే దీనిని సంతోషంగా విప్పివేస్తాను. జారుముడే కదా!